లైలాక్‌ని లైలాక్ అనే రాయండి

అనువాద కవితల్లో లైలాక్ వచ్చిన చోటల్లా మనవాళ్ళు ‘ఊదా పూలు’ అని రాసి చేతులు దులుపుకుంటారు. ‘తెలియని పేరుతో పాఠకుణ్ణి ఎందుకు ఇబ్బంది పెట్టడం?’ అని సమాధానం. పాఠకుడి మీద ఈ జాలి నాకు బొత్తిగా నచ్చదు.

లైలాక్ అంటే రంగు ఒక్కటే కాదు. అది బాల్కన్ కొండల పొద. చలికాలమంతా మోడులా నిలబడి, ఆ చలి తిన్నాకే వసంతంలో గుత్తులుగా పూస్తుంది. ఘాటైన పరిమళం. తెల్లగా పూసే రకాలూ ఉన్నాయి, మరి వాటినేమంటారు? 1865 ఏప్రిల్‌లో లింకన్ని చంపినప్పుడు అక్కడ లైలాక్‌లు పూసి ఉన్నాయి. విట్మన్ స్మృతిగీతంలో ఏటా ఆ పువ్వుతో పాటు ఆ దుఃఖమూ తిరిగొస్తుంది. ‘ఊదా పూలు’ అనేస్తే ఋతువు పోయింది, వాసన పోయింది, ఇక దుఃఖం తిరిగొచ్చే దారేదీ?

పోనీ, మనకి తెలిసిన చెట్టు పేరు పెడదామా? ఇంగ్లీషువాళ్ళు ఆ పనే చేశారు. మన వేపని ‘ఇండియన్ లైలాక్’ అన్నారు, తురకవేపని ‘పర్షియన్ లైలాక్’ అన్నారు. రెండిటికీ లైలాక్‌తో చుట్టరికం లేదు. నిజానికి లైలాక్‌ది మల్లె కుటుంబం. వాళ్ళు చేసిన గందరగోళమే మనం వెనక్కి తిప్పి చేయడం దేనికి?

రంగు విషయం వేరు. కథలో అమ్మాయి గౌను లైలాక్ రంగుదైతే, హాయిగా వంగపూవు రంగు అనండి. చక్కటి తెలుగు మాట. చీరల కొట్లో కూడా మనం దాన్ని మర్చిపోతున్నాం. మా కోడ్‌లో రెండు వేర్వేరు వాటికి ఒకే పేరు పెడితే రివ్యూలో తిప్పికొడతారు. పువ్వుకీ రంగుకీ ఆ మాత్రం తేడా అనువాదకుడు చూడొద్దూ?

ఇక ‘పరాయి మాట’ అన్న అభ్యంతరం. లైలాక్‌కి మూలం పర్షియన్ ‘లీలక్’. అది ‘నీలక్’కి మరో రూపం, నీలి ఛాయ ఉన్నదని అర్థం. దాని వెనక ఉన్నది సంస్కృత ‘నీల’మే. అరబిక్, స్పానిష్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరింది. మన నీలానికి దూరపు చుట్టం ఇంటికొస్తే పేరు మార్చి పిలుస్తున్నాం.

గులాబీ కూడా పర్షియన్ నుంచి వచ్చిన మాటే. దాన్నెవరూ ‘ఎర్ర పూలు’ అని రాయలేదు కదా!