చెట్టుకు దూరమైన కల్లు.. నాలుకకు దూరమైన రుచి

వరంగల్: తెల్లవారుజామున చెట్టు నుంచి దించిన కల్లు, సాయంత్రం అదే లొట్టిలో మిగిలిన కల్లు ఒక్కటి కావు. ఉమ్మడి వరంగల్‌ జిల్లా పల్లెల్లో ఒకప్పుడు ఇది ఎవరూ చెప్పనక్కర లేని సంగతి. పట్టణ శివారు దుకాణంలో సీసా అందుకునే నేటి కూలీకి మాత్రం ఈ తేడా క్రమంగా తెలియకుండా పోతోంది. కల్తీ వ్యాపారానికి ఇంతకు మించిన అండ మరొకటి లేదు.

హైదరాబాద్‌ మైక్రో బ్రూవరీల్లో ఆంబర్‌ ఏల్‌ వంటి బీర్లను రుచి చూడటానికి ఒక పద్ధతి ఉంది. ముందు రంగు, తర్వాత వాసన, ఆపై గుక్కను నోట నిలిపి, మింగాక మిగిలే చేదును గమనిస్తారు. అమెరికా పశ్చిమ తీరంలోని చిన్న బ్రూవరీల్లో 1980లలో రూపుదిద్దుకున్న ఈ బీరుకు రాగి రంగు, మాడీ మాడని చక్కెర పాకం రుచి వేయించిన మాల్ట్‌ నుంచి వస్తాయి. చేదు, నారింజ తొక్కను తలపించే పరిమళం హాప్స్‌ అనే తీగ పూలవి. ఇందులో ఆల్కహాలు సుమారు నాలుగున్నర నుంచి ఆరు శాతం. బాగా పులిసిన తాటికల్లు కూడా ఇంచుమించు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. వరంగల్‌ వైన్‌షాపుల్లో స్ట్రాంగ్‌ బీరు కొనేవారికి చల్లదనం, కిక్కు తప్ప రుచితో పని లేదన్నది వేరే విషయం.

హాప్స్‌ చేదు కేవలం నాలుక కోసం కాదు. అందులోని ఆమ్లాలు బీరును పాడుచేసే బాక్టీరియాను అడ్డుకుంటాయి. అందువల్లనే శతాబ్దాలుగా బీరు పీపాల్లో దూరదేశాలకు ప్రయాణించగలిగింది. కల్లుకు అటువంటి కాపలా ఏదీ లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

గడియకో రుచి

తాటిచెట్టు గెలను గీసినప్పుడు బొట్టుబొట్టుగా కారే రసం మొదట దాదాపు రంగు లేనిది. పది శాతానికి పైగా చక్కెర ఉంటుంది. లొట్టి లోపల అంటుకుని ఉన్న ఈస్ట్‌, గాలిలోని సూక్ష్మజీవులు చెట్టుమీదే పని మొదలుపెడతాయి. మోకు, ముస్తాదుతో గౌడన్న పైకెక్కి లొట్టి దించేసరికి ద్రవం పాలరంగుకు తిరిగి, సన్నని నురగ కడుతుంది. పొద్దుటి కల్లులో తీపి ముందుంటుంది. మధ్యాహ్నానికి తీపి తగ్గి పులుపు, ఘాటు పైకి వస్తాయి. మరునాటికి సిర్కా వాసన.

మగచెట్టు పోతుతాడుకు, ఆడచెట్టు పండుతాడుకు రుచి వేరు. చలికాలపు ఈతకల్లు తీరు మరొకటి. మండువ దగ్గర తాటాకు రేకలో పోసుకుని తాగేవారికి పచ్చి ఆకు వాసన కూడా ఆ రుచిలో భాగమే. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో గీసేవాడితో పాటు తాగేవాడికీ తెలిసేది. బ్రూవరీలో నేర్పే విద్య ఇక్కడ ఏనాటి నుంచో ఉన్నదే. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

చెట్టు ఇచ్చేది కాలాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. దుకాణంలో గిరాకీ మాత్రం ఏడాది పొడవునా ఒకే తీరు. పొలం గట్లమీది తాళ్లు నరుకుడుకు గురవుతున్నాయి. తాటిచెట్టు గీతకు రావడానికి పన్నెండేళ్లకు పైనే పడుతుంది. గీత కార్మికుల పిల్లలు ప్రాణాంతకమైన ఆ వృత్తిలోకి రావడానికి ఇష్టపడటం లేదు. ఈ లోటును కొన్నిచోట్ల నీళ్లు, శాకరిన్‌, క్లోరల్‌ హైడ్రేట్‌, డైజిపామ్‌, ఆల్ప్రజోలమ్‌ పూడుస్తున్నాయి. చివరి రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోని మందులు.

ఫలితం రాష్ట్రం పలుమార్లు చూసింది. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్‌, మహబూబ్‌నగర్‌ ప్రాంతాల్లో అనేకులు వణుకు, మతిభ్రమణంతో ఆసుపత్రుల పాలయ్యారు. అది కల్లు దొరకక కాదు, అందులోని మందు ఆగిపోవడం వల్ల. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇదే తరహా బాధితులు పోటెత్తారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది.

ఉదయం నుంచి రాత్రి దాకా ఒకే తీపితో ఉండే కల్లును అనుమానించవలసిందే. శాకరిన్‌ తీపి మింగిన తర్వాత కూడా నాలుకను వదలదు, వెనుక లోహపు చేదు తగులుతుంది. అయితే నాలుకకూ హద్దుంది. ఆల్ప్రజోలమ్‌ పొడిని అది పట్టుకోలేదు. అందుకు ఆబ్కారీ శాఖ నమూనా, ప్రయోగశాల కావాలి. దుకాణానికి ఎన్ని చెట్లు కేటాయించారు, అవి ఏ ఊళ్లో ఉన్నాయి, రోజుకు ఎన్ని సీసాలు అమ్ముతున్నారు అనే మూడు అంకెలు బోర్డుమీద రాయిస్తే కూడికలు వచ్చిన ఎవరైనా సగం కల్తీని బయటపెట్టగలరు. ఇందుకు ఖర్చేమీ లేదు. ఉన్నదల్లా ఇబ్బందే.

ఖిలాషాపూర్‌లో కోట నిలిపి, 1708లో ఓరుగల్లుపై దండెత్తిన సర్వాయి పాపన్న జయంతిని ప్రభుత్వం ఏటా ఆగస్టు 18న అధికారికంగా జరుపుతోంది. గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా కిట్ల పంపిణీ 2024 జులైలో మొదలైంది. రెండూ హర్షించదగినవే. కానీ నిజాయితీగా చెట్టెక్కి దించిన లొట్టికి, పొడి కలిపిన డ్రమ్ముకు అంగట్లో ఒకే ధర పలుకుతున్నంత కాలం కిట్టు కట్టుకుని పైకెక్కేవాడికి గిట్టుబాటు ఉండదు. హరితహారంలో 2015 నుంచి నాటిన ఈత మొక్కల్లో బతికినవి ఇప్పుడిప్పుడే గీతకు వస్తున్న వయసులో ఉన్నాయి. అవి ఏ గ్రామంలో ఎన్ని మిగిలాయో సంఘాలవారీగా లెక్క తీయడానికి ఇదే అదను.