ఆకోరు లోయలో పడుకున్న మంద



తనను వెదకే ప్రజలకు దేవుడు యెషయా 65:10లో ఒక వాగ్దానం చేశాడు. షారోను గొర్రెల దొడ్డి అవుతుందనీ, ఆకోరు లోయ పశువులు పడుకునే చోటు అవుతుందనీ దాని భావం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో మంద అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. పుంగనూరు పేరు వింటేనే పొట్టి ఆవు కళ్లముందుకొస్తుంది.

అందుకే మనం తేలికగా పొరబడతాం. ఈ వచనం పట్టుకొని, "నీ దొడ్డి నిండుతుంది, నీ బోరులో నీళ్లు పడతాయి" అని ప్రసంగించినవారిలో మేమూ ఉన్నాం. ఒక ఏడు వానల్లేక మేత కరువై, మా సంఘంలోని ఒక విధవరాలు తన గొర్రెలను సంతలో వచ్చిన కాడికి అమ్ముకుంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, "నా విశ్వాసంలో ఏం తక్కువైంది అయ్యగారూ?" అని అడిగింది. మాకు నోట మాట రాలేదు. లోపం ఆమె విశ్వాసంలో లేదు, మా బోధలో ఉంది.

ఆకోరు అంటే శ్రమ. ఆకాను చేసిన దొంగతనానికి అతణ్ణి రాళ్లతో కొట్టిన లోయ అది (యెహోషువ 7). అదే లోయ నిరీక్షణ ద్వారమవుతుందని హోషేయ 2:15 చెబుతుంది. పాపం బయటపడిన చోటనే మంద నిమ్మళంగా పడుకుంటుందని యెషయా చూపిస్తున్నాడు. ఇది తలలు లెక్కపెట్టే దీవెన కాదు, క్షమాపణ అనే దీవెన.

గొర్రెలు కాసేవారిని అడగండి. ఆకలున్నా, కుక్కల భయమున్నా గొర్రె నెమ్మదిగా పడుకోదు. మంద పడుకుందంటే కాపరి దగ్గరున్నాడని అర్థం. మన రైతులు రాత్రిళ్లు తమ చేలో మంద కట్టించుకుంటారు. గొర్రెల ఎరువుతో ఆ నేల బలపడుతుంది. క్షమాపణ పొందినవారు నివసించే ఊరు కూడా అలాగే మేలు పొందాలి.

వాన అడగడం తప్పు కాదు, వానా ఆయనదే. కానీ "ఇది ఆత్మీయ దీవెన మాత్రమే" అని చెప్పి కాపరులం చేతులు దులుపుకోలేం. కొవ్విన గొర్రెలను తిని, గాయపడినవాటికి కట్టు కట్టని కాపరులను దేవుడు యెహెజ్కేలు 34లో నిలదీశాడు. క్షయ అంటే జనం వణికిపోయిన రోజుల్లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీలు ఆ రోగులకు ఆసుపత్రి నిలబెట్టారు. కట్టు కట్టడమంటే అదే.

ఆ సహోదరి ప్రశ్నకు మేమిప్పుడు ఇలా చెబుతాం: "అమ్మా, నీ దొడ్డి ఖాళీ అయింది గానీ నీ కాపరి వెళ్లిపోలేదు." ఆ మాట నిజమని ఆమెకు తెలియాలంటే, ముందు మనం ఆమె గడపకు వెళ్లాలి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.