అప్పు తెచ్చిన సంస్కరణము

సుభిక్షకాలమున లెక్కలు దిద్దుకొను ప్రభుత్వములు అరుదు. బొక్కసము వట్టిపోయి, అప్పులవారు వాకిట నిలిచినప్పుడే సంస్కరణము జ్ఞప్తికి వచ్చును. ఇందుకు పూర్వపు హైదరాబాదు రాజ్యచరిత్రయే సాక్ష్యము.

చందూలాలు కాలమున శిస్తు వసూలు గుత్తేదారుల పాలయ్యెను. హెచ్చు పాట పాడినవానికి తాలూకా దక్కెను. ఆ హెచ్చంతయు రైతు చెల్లించెను. చాలని సొమ్మునకు దివాణము సాహుకార్ల నాశ్రయించెను. పామరు కంపెనీ బాకీ తీర్చుటకై 1823లో ఉత్తర సర్కారులపై తనకు రావలసిన పేష్కషును ఆంగ్లేయులకు శాశ్వతముగా వదలుకొనెను. కంటింజెంటు సేన ఖర్చుల బాకీ పెరిగి, 1853లో బీరారును, గద్వాలకు పొరుగుననున్న రాయచూరు దోఆబును వారి చేతిలో బెట్టెను.

ఆ సంవత్సరమే దివానైన సాలారుజంగు గుత్తాలను రద్దుపరచి, జీతముపై తాలూకాదారులను నియమించి, 1865లో జిల్లాబందీ గావించెను. గండము రానిచో నీ పని జరిగియుండునా? సందేహమే. అయినను ఇందు రెండు కొరతలు గలవు. దివానీ గ్రామములలో సాగిన యీ మార్పు సంస్థానముల పొలిమేర దాటలేదు. గద్వాల, వనపర్తి ప్రభువులు పేష్కషు చెల్లించి తమ వసూళ్లు తామే నడుపుకొనిరి. ఇక దివానీ రైతునకైనను తన శిస్తు దేనికి వ్యయమైనదో యడుగు హక్కు లేకుండెను. ఖజానా బాగుపడినది, రైతు నోరు తెరువబడలేదు.

నేడు శాసనసభ యున్నది గదా యందురు. ఉన్నది. కాని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము సభ ముందుంచిన శ్వేతపత్రము ప్రకారము, 2014-15లో 72,658 కోట్ల రూపాయలైన ఋణము, కార్పొరేషనుల పేర తెచ్చిన యప్పులతో గూడ 6,71,757 కోట్లకు చేరినది. ఈ లెక్కను ప్రతిపక్షము ఖండించినది. సభలోనివారికే లెక్క కుదరనప్పుడు నాగరుకర్నూలు రైతున కేమి తెలియును? నాడు సాహుకారు చాటున నున్న బాకీ నేడు కార్పొరేషను చాటున నున్నది.

అప్పు పెరిగిన చోట పొదుపు తప్పదు. ఆ పొదుపు ఎవరి పళ్లెమునుండి తీయబడునన్నదే ప్రశ్న. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునుండియా? బడినుండియా? ఆసుపత్రినుండియా? లేక అనావశ్యకములైన దర్పపు వ్యయములనుండియా?

కావున మా కోరిక యిది. ఏ పనికి ఎంత యప్పు, ఎంత వడ్డీ, ఎన్నేండ్ల గడువో తేటతెలుగున ముద్రించి, గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు గ్రంథాలయములలో నుంచవలెను. చదువరులు దానిని చదివి, చదువురానివారికి వినిపించి, ఓట్లడుగ వచ్చినవారిని దానిపై ప్రశ్నింపవలెను. గండము ప్రభుత్వముచే లెక్క వ్రాయించును. ఆ లెక్కను న్యాయమైనదిగా జేయువారు ప్రజలే.