పాట కట్టే వయసు

1985 నాటి డబ్లిన్. పదిహేనేళ్ల కానర్‌కి రఫీనా నచ్చింది. ‘మా బ్యాండ్ వీడియోలో నటిస్తావా?’ అని అడిగేశాడు. బ్యాండ్ ఆ తర్వాతే పుట్టింది! ఇంట్లో అమ్మానాన్నల కాపురం కూలిపోతోంది. ఐర్లండ్ రాజ్యాంగమేమో 1995 ప్రజాభిప్రాయ సేకరణ దాకా విడాకులను ఒప్పుకోలేదు. గొడవలు గోడ దాటి వస్తుంటే చదువు మానేసిన అన్న బ్రెండన్ తమ్ముడికి రికార్డులు వినిపిస్తాడు, దారి చూపుతాడు.

జాన్ కార్నీ తీసిన, 2016లో విడుదలైన ‘సింగ్ స్ట్రీట్’ సినిమా కథ ఇది. పాట కట్టే పిల్లల కోసమే ఈ సంచిక. పెద్దలు దాచామనుకున్న గుట్లను మన ఇళ్లలోనూ పిల్లలే మోస్తారు. తొలిప్రేమను, ఆ దిగులును కలిపి బాణీ కడతారు. గిటారు మోత ఆపమనే ముందు, పక్కన కూర్చుని ఒక పాట పూర్తిగా వినండి. ఆ తర్వాత వాళ్లతో నిజం మాట్లాడండి.

– సంపాదకుడు