శిమిలిగుడను టికెట్లతోనే కొలవకండి

గౌరవనీయులైన రైల్వే బోర్డు ఛైర్మన్ గారికి,

అనంతగిరి కొండల్లోని శిమిలిగుడ స్టేషన్ ఎత్తు సముద్రమట్టానికి 996.32 మీటర్లు. ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ ఇదే. కాశ్మీర్‌లో రైలు కూతపెట్టాక ఆ పేరు పోయింది. పోతే పోయింది గానీ, ఈ లైను పుట్టింది పేరు కోసమూ కాదు, ప్రయాణికుల కోసమూ కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. ఒంటి లైను మీద ఎదురెదురు బళ్లు తప్పుకోవాలంటే దారిలో స్టేషన్లు ఉండి తీరాలి. ఊళ్లవాళ్ల ప్రయాణం ఆ తరువాతి మాట. అలాంటి చోట పాసింజర్ బండి ఆగాలా వద్దా అన్నది కౌంటర్లో తెగిన టికెట్లను బట్టి తేల్చడం ఏం లెక్క? ఖనిజం వ్యాగన్ల రాబడి కూడా ఈ పట్టాలదే కదా!

ఘాట్ లైనులో పాసింజర్‌ను ఆపితే గూడ్సులు ఆలస్యమవుతాయని అధికారులు అనవచ్చు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ క్రాసింగ్ కోసం ఎలాగూ ఆగే చోట నలుగురు ఎక్కి దిగితే పోయే సమయమెంత? ఈ మార్గంలో వేస్తున్న రెండో లైను పూర్తయితే ఆ అభ్యంతరమూ పలచబడుతుంది. అసలు భయమూ అప్పుడే: క్రాసింగ్ అక్కర్లేని స్టేషన్‌ను ఎత్తేయడం తేలిక. గిరాకీ లేదంటారా, కోవిడ్ తరువాత 10 రూపాయల కనీస ఛార్జీ 30 అయి, 2024 దాకా దిగలేదు. గంపలతో సంతకు పోయేవాళ్లు ఆ రోజుల్లో జీపెక్కితే తప్పు వాళ్లది కాదు. రెండో లైను వచ్చినా శిమిలిగుడలో కిరండూల్ పాసింజర్ ఆగుతుందని రాతపూర్వకంగా ప్రకటించండి.

ఇట్లు,
ఒక రైలు ప్రయాణికుడు