ఇంటి ముచ్చట్లు: భోషాణములోని జర్మను తుపాకి



ఈ నెల తుపాకిని గూర్చి వ్రాయుచున్నానన్న మీరు నవ్వుదురేమో! నవ్వినను సరే, కడవరకు జదువుడు. నేను జేసిన పొరపాటు మీలో నొక్కరును జేయకుందురు గాక యనియే యీ వ్రాత.

మా మామగారు చీరాలలో ప్రత్తివ్యాపారము చేసినవారు. ఆయన తండ్రిగారి కాలమునుండి మా యింట నొక వేటతుపాకి యుండెడిది. దానికి లైసెన్సు గలదు. ఎన్నికలు వచ్చినప్పుడు దానిని ఠాణాలో నప్పగించి, పిదప తెచ్చుకొని భోషాణములో బెట్టెడివారు. ప్రతి విజయదశమికిని దానిని శుభ్రపఱచి పసుపుకుంకుమలు పెట్టుట నేను కాపురమునకు వచ్చిన యేటినుండి నా వంతు పని. బిందెలు తోమినట్లే చింతపండును ఇటుకపొడియు వేసి గొట్టము తళతళలాడునట్లు తోమెడిదానను. "మా కోడలు తోమిన నినుము గూడ వెండి యగును" అని మా అత్తగారు మురిసెడివారు.

నిరుడు మామగారు స్వర్గస్థులైరి. తుపాకి నేమి చేయవలె నను ప్రశ్న వచ్చినది. పాత యినుముక్రింద నమ్మివేయుడని అత్తగారనిరి. గోడకు దగిలింతమని మా చిన్నవాడనెను. "తాతముత్తాతలనాటి జర్మను తుపాకికి లైసెన్సు లెందుకమ్మా?" అని వాని వాదము. ఇద్దఱి మాటయు దప్పే యని తరువాత దెలిసినది. మావారు ఠాణాలో సంగతి దెలిపి, వారు చెప్పిన ప్రకారము లైసెన్సుగల తుపాకుల వర్తకు నొకనియొద్ద దాని నప్పగించిరి. నేనును వెంట వెళ్లితిని. ఆ పెద్దమనిషి తుపాకి నిండియున్నదేమో మొదట జూచి, పిమ్మట దానిని విప్పి మాకు జూపెను.

మనము బిందెలమీద పేర్లు చెక్కించుకొనునట్లే జర్మనులును తుపాకులమీద ముద్రలు వేసిరి. 1891లో వారు చేసిన శాసనము 1893 మొదలు అమలులోనికి వచ్చెను. దానినిబట్టి తుపాకిని అమ్మకమునకు ముందు పరీక్షాశాలలో గాల్చి చూచి, గొట్టము తట్టుకొన్న పిదప గిరీటమును, దానిక్రింద నక్షరమును గ్రుద్దెడివారు. 'యు' యను నక్షరము తనిఖీ యైనదనుటకు గుర్తు. 'జి' గొట్టములోపల మెలిచాళ్లు గలవనుటకు. 'ఎస్' చిన్న రవ్వగుండ్లు గాల్చు గొట్టమనుటకు. 1940 మొదలు కిరీటమునకు బదులు గ్రద్దయు, 'ఎన్' అను నక్షరమును వచ్చెను. కావున నీ కిరీటాక్షరములు గల వేటతుపాకి యా నడిమి కాలపుదని పోల్చుకొనవచ్చును.

మా తుపాకికి మూడు గొట్టములు. పైన రెండు ప్రక్కప్రక్కనే యుండి పక్షులకై రవ్వలు గాల్చును. క్రిందిది పెద్దమృగమునకై యొంటి గుండు గాల్చును. దీనిని జర్మనులు 'డ్రిల్లింగు' అందురు. ఒకే కాన్పున బుట్టిన ముగ్గురిలో నొకరికి వారిభాషలో నదియే పేరు. తురింగియా సీమలోని సూల్ అను నూరు ఇట్టి పనికి బేరుగాంచినది. వేటతుపాకికి కొయ్య పొట్టిగా నుండును. ఇనుముపై లేళ్లు, ఆకులు చెక్కబడియుండును.

సిపాయిల రైఫిలు అట్లుండదు. దానికి గొట్టము చివరిదనుక గొయ్యయు, బాయినెట్టు దగిలించు చోటును ఉండును. పౌల్ మౌజర్ అను నతడు తన యన్నతో గలసి కల్పించిన 1871నాటి రైఫిలు ఒకసారి కొక్క తూటానే కాల్చును. 1898నాటి దానిలో నైదు తూటాలు పట్టును. దాని గొట్టపు మొదట గిరీటమును, కర్మాగారపు పేరును, చేసిన యేడును ఉండును. చిన్న మేకులమీద సైతము సంఖ్యలో దుది యంకెలు గ్రుద్దబడును. అవి యన్నియు సరిపడిననే సేకరించువారు దానికి విలువనిత్తురు. మూత యొక గిన్నెది, గిన్నె యొక సెట్టుది యైనచో మనము మాత్రము మెత్తుమా?

ఇక నా తప్పు. గొట్టముమీద పనివాని పేరుండవలసిన చోటు అద్దమువలె నున్నగా నుండెను. "అమ్మా, ఎవరో దీనిని తోమివేసిరి" అని యా వర్తకు డనెను. నేను తలవంచుకొంటిని. అదృష్టవశమున లోపలివైపు లోతుగా గ్రుద్దిన సంఖ్య మిగిలియుండి లైసెన్సులోని సంఖ్యతో సరిపోయినది. అదియు జెఱిగిపోయియున్నచో ఇది మామగారి తుపాకియే యని నిరూపించుట మాకు గగనమై యుండెడిది.

సంఖ్య యెంత ముఖ్యమో యీ కథ వినుడు. 1914 ఆగస్టు 26వ తేదీన గలకత్తాలో రోడ్డా కంపెనీ సరకునుండి విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లను దాటించిరి. ప్రతిదానికిని సంఖ్య యుండెను. కంపెనీవారి లెక్కలో నా సంఖ్యలు వ్రాసియుండెను. అందుచేత దరువాత జిక్కిన పిస్తోలు ఆ యేబదిలోనిదే యని పోలీసులు గుర్తింపగలిగిరి.

మన 1959నాటి ఆయుధచట్టము ప్రకారము తుపాకిమీది పేరును గాని సంఖ్యను గాని చెఱుపరాదు. లైసెన్సుదారుడు గతించినచో వారసులు జాగుచేయక ఠాణాలోనో, లైసెన్సుగల వర్తకునియొద్దనో దాని నప్పగింపవలెను. పాతదైనంత మాత్రమున మినహాయింపు లేదు. మరమ్మతు చేసినను పేలుటకు బనికిరాని ప్రాచీనవస్తువైననే యా మినహాయింపు. మా చిన్నవాని వాదము దీనితో దీరినది.

కావున నక్కలారా, మీ యిండ్లలో నట్టిది యున్నచో మూడు మాటలు మఱువకుడు. ఖాళీగా నున్నదని నమ్మి ముట్టుకొనకుడు, పిల్లలను దరిజేరనీయకుడు. లైసెన్సును, సంఖ్యను ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసియుంచుడు. శుభ్రపఱచుట తెలిసినవారికే విడువుడు. మా వాడరేవు గాలికి ద్రుప్పు పట్టకుండుటకు మెత్తని పొడిగుడ్డయు, పలుచని నూనెయు జాలునట. చింతపండును మాత్రము పులుసుకే యుంచుకొనుడు.

మావారు లైసెన్సుకై దరఖాస్తు పెట్టిరి. ఈ దసరాకు మా యింట దుపాకి లేదు. కత్తిపీటకును రోటికిని బొట్టుపెట్టి పూజ ముగించితిమి. అత్తగారు ఖాళీ భోషాణమువంక జూచి కన్నులు తుడుచుకొనిరి.