గిన్నె చప్పుడుకీ సరిగమలొస్తాయి!

వంటింట్లో ఇత్తడి గిన్నె మీద గరిటెతో ఒక్కటి తగిలిస్తే 'టంగ్' మంటుంది. అదే చప్పుడును కీబోర్డులోకి ఎక్కిస్తే సరిగమలు పలుకుతుంది. బయటి శబ్దాన్ని పట్టుకొచ్చి మీటల మీద పరిచే ఈ విద్య పేరే 'శాంప్లింగ్'. కీబోర్డు మీద నాలుగు పాటలు వచ్చేశాక 'తర్వాతేంటి?' అని అడిగే పిల్లలకు ఇంతకు మించిన ఆట లేదు. పెద్దలకూ సరదాయే!

టేపు నుంచి చిప్పు దాకా...

ఆలోచన పాతదే. 1948లోనే పారిస్‌లో పియరీ షాఫర్ రైలు చప్పుళ్లను రికార్డు చేసి, వాటితోనే సంగీతం కూర్చాడు. 1960ల్లో ఇంగ్లండ్‌లో తయారైన మెలోట్రాన్‌లో ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉండేది. మీట నొక్కితే అది మోగేది. 1979లో ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ వోగెల్, కిమ్ రైరీ 'ఫెయిర్‌లైట్ సీఎంఐ'ని తెచ్చారు. శబ్దాన్ని అంకెలుగా మార్చి మీటలకు అప్పగించే యంత్రమది. ధర మాత్రం సామాన్యులకు అందేది కాదు. ఆ ముచ్చటను ఇళ్లలోకి తెచ్చింది 1980ల నాటి బుల్లి 'కేసియో ఎస్‌కే-1'. దానిలో పట్టేది సెకనున్నర కూడా లేని శబ్దం. అయినా సొంత గొంతును మీటల మీద వినడం అప్పట్లో వింతే!

లోపల జరిగేదేంటి?

శబ్దమంటే గాలిలో కదిలే అల. యంత్రం ఆ అల ఎత్తుపల్లాలను సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సీడీల్లో అయితే సెకనుకు 44,100 సార్లు. మన చెవి పసిగట్టగలిగేది దాదాపు 20,000 హెర్ట్జ్ వరకే. దాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే కనీసం రెట్టింపు సార్లు కొలవాలి. అందుకే ఆ లెక్క.

రాసుకున్న అంకెలను రెట్టింపు వేగంతో చదివితే శ్రుతి ఒక స్థాయి పైకి వెళ్తుంది. మధ్య స్థాయి 'స' తారస్థాయి 'స' అవుతుంది. కానీ రెండు సెకన్ల శబ్దం ఒక్క సెకనులో ముగిసిపోతుంది! అందుకే మామూలు శాంప్లర్‌లో మన గొంతు పై మీటల్లో చిట్టెలుకలా, కింది మీటల్లో భూతంలా వినిపిస్తుంది. పియానో, వీణ లాంటి వాటిని సహజంగా వినిపించాలంటే ఒక్క స్వరం చాలదు. మూడు నాలుగు మీటలకు ఒకటి చొప్పున విడివిడిగా రికార్డు చేయాలి.

మొదలుపెట్టేద్దామా?

ముందు మీ కీబోర్డుకు ఈ సౌకర్యం ఉందో లేదో చూసుకోండి. అన్నిటికీ ఉండదు. కొన్నింటికి మైకు తగిలించాలి. కొన్నింటిలోకి ఫోనులో రికార్డు చేసిన 'వేవ్' ఫైలును పెన్‌డ్రైవ్‌తో ఎక్కించొచ్చు. లేకుంటే కంప్యూటర్‌లో శాంప్లర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, కీబోర్డును యూఎస్‌బీ వైరుతో కలిపినా పని జరుగుతుంది.

* ఫ్యాను ఆపండి. ఖాళీ గదిలో శబ్దం గింగురుమంటుంది. పరుపులు, బట్టలు, కర్టెన్లు ఉన్న గది మేలు.

* మైకును జానెడు దూరంలో పెట్టండి. మీటరులో ఎర్రగీత తాకనివ్వొద్దు. రికార్డింగులోనే పగిలిన శబ్దం తర్వాత అతుక్కోదు.

* శబ్దానికి ముందున్న నిశ్శబ్దాన్ని కత్తిరించండి. లేకుంటే మీట నొక్కిన కాసేపటికి గానీ మోగదు. చివర మాత్రం తొందరొద్దు. గంట నాదం పూర్తిగా ఆరిపోనివ్వాలి. కోసిన చోట 'టిక్' మంటే, అల సున్నా గీతను దాటే దగ్గరకు కోతను జరపండి.

* గిన్నె శబ్దం ఏ స్వరానికి దగ్గరగా ఉందో ట్యూనర్‌తో చూసి, ఆ మీటనే 'రూట్ కీ'గా పెట్టండి. ఇది తప్పితే పాటంతా అపశ్రుతే!

* శ్రుతిపెట్టె లాంటి నిలకడ నాదాలకు మధ్యలో ఓ చిన్న భాగాన్ని 'లూప్' చేయండి. మీట నొక్కినంతసేపూ మోగుతుంది.

మొదట గిన్నె, చిటిక, తాళం లాంటి పొట్టి చప్పుళ్లతో చేయి తిరగనివ్వండి. సన్నాయి, వీణల జోలికి తర్వాత వెళ్లొచ్చు. వాటి ప్రాణమంతా గమకంలో ఉంది. ఒక్క స్వరాన్ని పట్టుకొస్తే గమకం వెంట రాదు. పక్కనుండే 'పిచ్ బెండ్' చక్రం కొంత సాయపడుతుంది... కొంతే!

ఆ దెబ్బ ఎవరిది?

డప్పు దెబ్బను పట్టుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ దెబ్బ అలా పలకడానికి వెనక ఓ మనిషి ఏళ్ల సాధన ఉంటుంది. పెళ్లి పందిట్లో డోలు, సన్నాయి, డప్పు అన్నీ ఒకే కీబోర్డు వాయించేస్తుంటే, ఆ రోజు పని తప్పేది వాటినే నమ్ముకున్న వాళ్లకు. అందుకే కళాకారుడి దగ్గర రికార్డు చేసేముందు అడగాలి. దేనికి వాడతారో చెప్పాలి. వాడకాన్ని బట్టి తగిన పైకమివ్వాలి. పాట బయటికొస్తే ఆయన పేరూ వేయాలి.

సినిమా పాటల్లోంచి ముక్కలు కత్తిరించడం మరో సంగతి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాటకూ, బాణీకీ ఉన్నట్టే రికార్డింగుకూ విడిగా హక్కుంది. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లపాటు అది వర్తిస్తుంది. అమెరికాలో 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ పాట మీద ఇలాంటి వివాదమే కోర్టుకెక్కింది. అనుమతి లేకుండా ముక్క వాడినందుకు తీర్పు వ్యతిరేకంగా వచ్చింది. ఆ తర్వాత అక్కడి కంపెనీలు ముందస్తు అనుమతుల విషయంలో ఎంతో జాగ్రత్తపడ్డాయి. ఇంట్లో సాధన సంగతి వేరు, నలుగురిలోకి వదలడం వేరు.

అయినా, కొత్త శబ్దాల కోసం ఎవరి పాటనో తెంచాల్సిన పనేముంది? తిరగలి గరగర, రోకలి పోటు, కవ్వం చప్పుడు, ఎడ్ల మెడలో మువ్వలు... ఇవి వినిపించే ఇళ్లు ఏటా తగ్గిపోతున్నాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ చేత ఒక్కసారి తిరగలి తిప్పించి రికార్డు చేయండి. ఫైలుకు ఊరు, తేదీ, ఆవిడ పేరు పెట్టండి. కత్తిరించేది నకలునే... అసలు ప్రతిని ముట్టుకోకుండా దాచండి. పాట కుదిరితే సరే. కుదరకపోయినా, ఆ చప్పుడు ఇంట్లో మిగులుతుంది.